కొండదారి సైకిలుకు ఏ హాండిల్ బారు?

సైకిలు కొనడానికి వెళ్ళినవారు రంగు చూస్తారు, చక్రం తిప్పి చూస్తారు, గేర్లు ఎన్ని ఉన్నవో అడుగుతారు, సీటు మీద అరచేయి వేసి నొక్కుతారు. హాండిల్ బారు నడుమ భాగం ఎంత లావున్నదో చూచేవారు అరుదు. చాలాకాలం చూడవలసిన అవసరమూ లేకపోయింది. మన ఊళ్ళలో తరతరాలుగా తిరిగిన నల్ల సైకిళ్ళలో, ముఖ్యంగా కడ్డీ బ్రేకులు ఉన్నవాటిలో, హాండిలూ, దానిని ముందు ఫోర్కులోకి దించే కాడా ఒకటిగా అతికి వచ్చేవి. విడదీసే పని లేదు గనుక కొలత అడిగే పనీ లేదు. నేడు కొండదారుల కోసమని తయారయ్యే సైకిళ్ళలో, మౌంటెన్ బైకులని వాడుకలో ఉన్నవాటిలో, హాండిల్ బారు వేరు, దానిని కరచి పట్టుకొనే స్టెమ్ అనే భాగం వేరు. ఒకటి మార్చదలచినవారికి రెండవదాని కొలత తెలిసి ఉండవలెను. ఆ కొలత ఒకటి కాదు, మూడు: 25.4 మిల్లీమీటర్లు, 31.8 మిల్లీమీటర్లు, 35 మిల్లీమీటర్లు.

ఈ మూడూ బారు నడుమ, స్టెమ్ కరచిన చోట ఉండే వ్యాసాలు. చేతులు పట్టుకొనే చివరలు మాత్రం మూడింటిలోనూ ఒకటే కొలత, 22.2 మిల్లీమీటర్లు. కనుక బ్రేకు పిడులు, గేరు మీటలు, రబ్బరు పట్టులు పాతవైనా కొత్తవైనా ఏ బారుకైనా ఎక్కుతవి. నడుమ లావెక్కినా చివరలు మారలేదన్న ఈ ఒక్క సంగతి జ్ఞాపకముంచుకొంటే, ఇకముందు చెప్పబోయేది తేలికగా బోధపడుతుంది.

ఈ కొలతలు ఇంత వింతగా ఎందుకున్నవని శ్రోతలకు సందేహం కలుగవచ్చును. నిజానికి వింత లేదు. 25.4 మిల్లీమీటర్లంటే సరిగ్గా ఒక అంగుళం. 31.8 అంటే అంగుళంపావు. 22.2 అంటే అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు. బ్రిటిషు కర్మాగారాలు అంగుళాలలో గొట్టాలు లాగిన కాలపు లెక్కలు, మెట్రిక్ దుస్తులు తొడుగుకొని ఇంకా తిరుగుతున్నవన్నమాట. ఇటలీవారు పందెపు సైకిళ్ళకు 26 మిల్లీమీటర్ల బారు చేశారు. అది మన అంగుళపు బారుకు ఆరు దశాంశాల తేడాలో ఉండి ఇప్పటికీ పొరపాట్లకు తావిస్తున్నది. దానిని గురించి తరువాత మనవి చేస్తాను. ఈ వంశావళిలో అంగుళాల చుట్టరికం వదలుకొన్నది 35 ఒక్కటే.

కొండదారి సైకిలు అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని మారిన్ కౌంటీలో, టామల్పైస్ కొండ పరిసరాలలో రూపు దిద్దుకొన్నది. 1970 తరువాత అక్కడి యువకులు కొందరు, 1930లలోను 40లలోను తయారైన బరువైన పాత సైకిళ్ళను సంపాదించి, వాటి లావు టైర్లతో మట్టిదారుల వెంట దిగడం మొదలుపెట్టారు. 1976 అక్టోబరు 21వ తేదీన ఆ ప్రాంతంలో ఒక పందెం జరిగింది. మూడు కిలోమీటర్ల పైచిలుకు దారిలో సుమారు 400 మీటర్ల దిగుడు. వెనుకచక్రం బొడ్డులో ఉండే బ్రేకు ఆ దిగుడుకు కాగిపోయి, లోపలి గ్రీజు అంతా ఆవిరయ్యేదట. ప్రతి పర్యాయం దిగిన తరువాత గ్రీజు తిరిగి కూరవలసి వచ్చేది గనుక ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరు పడింది. జో బ్రీజ్, గారీ ఫిషర్, చార్లీ కెల్లీ, టామ్ రిచీ మొదలైన వారి పేర్లు ఈ చరిత్రలో వినవస్తవి. 1981లో స్టంప్‌జంపర్ అనే నమూనా మార్కెట్టులోకి వచ్చిన తరువాత ఇది కొందరి వేడుకగా మిగలక, పెద్ద పరిశ్రమ అయింది.

ఆ తొలి సైకిళ్ళ హాండిళ్ళు మోటారుసైకిళ్ళ హాండిళ్ళను పోలి ఉండేవి. బ్రేకు పిడులు కూడ మోటారుసైకిళ్ళవే తెచ్చి తగిలించారు. రిచీ తయారుచేసిన 'బుల్‌మూస్' అనే హాండిలులో బారూ, దానిని మోసే రెండు కొమ్మలూ త్రికోణంగా ఒకే ముక్కగా అతికి ఉండేవి. మన నల్ల సైకిలు హాండిలుకూ దానికీ ఈ ఒక్క విషయంలో దూరపు బంధుత్వం ఉన్నదనుకోవచ్చును. తరువాత పందేలు పెరిగినవి. 1990లో అమెరికాలోని డురాంగో పట్టణంలో మొదటి అధికార ప్రపంచ పోటీలు జరిగినవి. 1996లో అట్లాంటా ఒలింపిక్సులో ఈ క్రీడకు ప్రవేశం లభించింది. ఆ దశలో పందెగాండ్రకు బరువు తగ్గించడమే ధ్యేయం. బారును రంపంతో కోసి కురచ చేసేవారు. 580 మిల్లీమీటర్ల పొడవే సామాన్యం, కొందరు ఇంకా కురచ చేసేవారు. స్టెమ్ మాత్రం 120, 130 మిల్లీమీటర్లు ముందుకు చాచి ఉండేది. దాని మీద మనిషి ముందుకు వాలి, తల వంచి త్రొక్కవలసిందే. అంత కురచ బారుకు అంగుళపు నడుము చక్కగా సరిపోయింది.

ఇక అసలు విషయానికి వస్తాను. బారు నడుము ఎందుకు లావెక్కవలసి వచ్చింది?

హాండిల్ బారును నడుమ స్టెమ్ కరచి ఉంటుంది. బరువు రెండు చివరల మీద పడుతుంది. అంటే ప్రతి సగమూ గోడలోనుంచి పొడుచుకొని వచ్చిన దూలం వంటిది. చివర నొక్కినప్పుడు పైపొర సాగుతుంది, క్రిందిపొర కుదించుకొంటుంది. నడిమధ్య ఉన్న లోహానికి పని చాలా తక్కువ. అందుకే సోమరిగా కూర్చున్న ఆ లోహాన్ని తీసివేసి గొట్టంగా చేస్తారు. వెదురు ఈ రహస్యాన్ని మనకంటె ముందే గ్రహించింది. లోహాన్ని కేంద్రానికి ఎంత దూరంగా పరిస్తే అంత ఎక్కువ పని చేస్తుంది. గొట్టం గోడ మందం మార్చకుండా వ్యాసం పెంచితే, లోహపు బరువు వ్యాసంతో సమంగా పెరుగుతుంది. విరగకుండా నిలిచే బలం వ్యాసపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వంగకుండా నిలిచే బిరుసుతనం వ్యాసపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. ఇది పల్చని గొట్టాలకు వర్తించే ఉజ్జాయింపు సూత్రం.

ఈ సూత్రంలో మన కొలతలు వేసి చూడండి. 25.4 నుంచి 31.8కి మారినప్పుడు లోహం నాలుగోవంతు పెరుగుతుంది, బలం సగానికి పైగా పెరుగుతుంది, బిరుసుతనం దాదాపు రెట్టింపవుతుంది. 31.8 నుంచి 35కి మారితే లోహం పదోవంతు, బలం ఐదోవంతు, బిరుసుతనం మూడోవంతు పెరుగుతవి. ఈ లాభం బారు పొడవంతటికీ చెందదు. నడుమ నుంచి బారు క్రమంగా సన్నబడి చివరకు ఆ 22.2 దగ్గరికే వస్తుంది. అయినా వంచే శక్తి అన్నిటికంటె ఎక్కువగా పడేది స్టెమ్ అంచున. బారు విరిగితే విరిగేది సాధారణంగా ఆ ప్రాంతంలోనే. కనుక అవసరమైన చోటనే లోహం చేరిందని ఒప్పుకోవలసి ఉంటుంది.

మరి ఆ అదనపు బలం ఎవరికి కావలసి వచ్చింది? ఇక్కడ బారు పొడవును లెక్కలోకి తీసుకోనిదే చిక్కు విడదు. గత పాతికేళ్ళలో కొండదారి సైకిలు రూపమే మారిపోయింది. స్టెమ్ కురచబడి 35 నుంచి 50 మిల్లీమీటర్లలోకి వచ్చింది. బారు పొడుగు సాగి 760, 780, 800 మిల్లీమీటర్లయింది. రాళ్ళ మీద చక్రం పక్కకు తిరగబోయినప్పుడు పొడవైన బారు చేతులకు ఎక్కువ పట్టునిస్తుంది. గడ్డపార పొడవైనకొద్దీ రాయి తేలికగా పెగలినట్లే ఇదీను. అయితే ఆ పొడవే బారుకు శత్రువు. మా స్టూడియోలో మైక్రోఫోనును తగిలించే పొడవాటి చేయి ఒకటి ఉంటుంది. దానిని ఒక మూర చాచి మైకు వ్రేలాడదీస్తే కదలదు. రెండు మూరలు చాచితే అదే మైకు బరువుకు కనబడేటట్లు వంగుతుంది. పొడవు రెట్టింపైతే వంపు రెట్టింపు కాదు, ఎనిమిదింతలవుతుంది. వంపు పొడవు యొక్క ఘనాన్ని అనుసరిస్తుంది.

580 మిల్లీమీటర్ల బారు 780 అయినప్పుడు, ప్రతి సగమూ మూడోవంతుకు పైగా పెరిగింది. అదే గొట్టమైతే చివర వంపు రెండున్నర రెట్లకు చేరువగా పెరుగుతుంది. స్టెమ్ అంచున పడే భారమూ మూడోవంతుకు పైగా పెరుగుతుంది. అంగుళపు బారును ఆ పొడవున చేసి కొండ మీదనుంచి దిగమంటే అది న్యాయం కాదు. 31.8 నడుము ఈ అప్పును తీర్చింది. భారాన్ని పూర్తిగా తీర్చింది, వంపును చాలావరకు తీర్చింది. 1990ల చివర మొదలై, 2000 తరువాత కొన్నేళ్ళలోనే అది అంగుళపు బారును కొత్త సైకిళ్ళనుంచి దాదాపు తొలగించివేసింది. స్టెమ్ నిర్మాణం మారడం కూడ ఇందుకు తోడ్పడింది. పూర్వం స్టెమ్‌కు ఒకే మర ఉండి, బారును ఒక చివరనుంచి దూర్చి, వంపులు దాటించి నడుమకు తీసుకొని రావలసి వచ్చేది. నడుము మరీ లావైతే ఆ దూర్చడమే పెద్ద ఇబ్బంది. ముందుభాగం తలుపులా ఊడివచ్చే స్టెమ్‌లు, నాలుగు మరలతో బిగించేవి, వచ్చిన తరువాత ఆ ఇబ్బంది తొలగిపోయింది. నా దృష్టిలో ఈ మొదటి మార్పు నిక్కమైన ఇంజనీరింగు మార్పు. అవసరం ముందు పుట్టింది, పరిష్కారం తరువాత వచ్చింది.

రెండవ మార్పు విషయంలో నేనంత ధీమాగా చెప్పలేను. 2012 ప్రాంతంలో ఈస్టన్ సంస్థ 35 మిల్లీమీటర్ల బారును రంగంలోకి దించింది. మరికొందరు తయారీదారులు అనుసరించారు. నడుము లావుచేసి గోడలు పల్చన చేస్తే బరువు పెరగకుండానే బలం వస్తుందన్నది వాదం. వాదంలో తప్పులేదు. 31.8 బారులో ఉన్నంత లోహమే తీసుకొని 35 చేస్తే బలం పదోవంతు, బిరుసుతనం ఐదోవంతు పెరుగుతవి. కాని 760 మిల్లీమీటర్ల బారు 800 అయితే వంపు పెరిగేది ఆరోవంతు మాత్రమే. గోడ మందం మార్చకుండా 35కు పోతే బిరుసుతనం మూడోవంతు పెరిగిపోతుంది. అప్పు కంటె చెల్లింపు ఎక్కువైపోయింది. గోడలు పల్చన చేసుకొంటూ పోవడానికీ హద్దున్నది. నూనె డబ్బా రేకును చూడండి, డబ్బాగా ఎంత గట్టిగా ఉన్నా ఒకచోట బొటనవ్రేలితో నొక్కితే సొట్టపడుతుంది. బారు గోడా అంతే. మరీ పల్చనైతే రాతి మీద పడినప్పుడు సొట్టపోతుంది, మరలు బిగించినప్పుడు నలుగుతుంది.

మిగులు బిరుసుతనం వల్ల నష్టమేమిటంటారా? కావడి మోసేవారిని అడగవలెను. కావడిబద్దకు మంచి వెదురును ఏరి ఎన్నుకోవడం అది విరగకుండా ఉండడానికే కాదు, అడుగు అడుగుకూ కొంచెం వంగి లేవడానికి. ఆ ఊగులో బరువు కుదుపు భుజానికి చేరకుండా బద్దలోనే కరగిపోతుంది. అదే బరువును ఇనుప కడ్డీకి కట్టి నాలుగు మైళ్ళు నడిస్తే భుజం వాచిపోతుంది. హాండిల్ బారూ అరచేతులకు కావడిబద్ద వంటిదే. రాళ్ళదారి మీద క్షణక్షణమూ వచ్చే సన్నని అదురును అది కొంత మ్రింగాలి. మ్రింగకపోతే అది మణికట్టుకూ, మోచేతికీ ఎక్కుతుంది. అరచేతిలో చిటికెనవ్రేలి వైపు పోయే నరం మీద ఒత్తిడి ఎడతెగకుండా పడితే ఆ వ్రేలూ, దాని పక్క వ్రేలూ తిమ్మిరెక్కుతవి. దూరప్రయాణాలు చేసే సైకిలువారికి ఇది అనుభవంలో ఉన్న బాధే. తొలినాటి 35 బారులు మరీ బిరుసుగా ఉన్నవని చాలామంది చెప్పుకొన్నారు.

తయారీదారులు ఆ మాట విన్నారనే చెప్పవలెను. తరువాత వచ్చిన 35 బారులలో కొన్నింటికి గోడల మందం, కార్బను పోగుల అమరిక మార్చి బిరుసుతనం తగ్గించారు. కెనడాలోని వన్‌అప్ అనే సంస్థ స్టెమ్ దాటిన చోటనుంచి బారును గుండ్రంగా గాక కోలగా చేసింది. ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. దానివల్ల పైకీ క్రిందికీ కొంచెం ఒదుగుతుంది, ముందుకూ వెనుకకూ మాత్రం బిగువుగా నిలుస్తుంది. తెలివైన పనే. కాని నడుమను లావు చేసి, ఆ లావు తెచ్చిన బిరుసును పోగొట్టడానికి మళ్ళీ ఇంత శ్రమపడడం చూస్తే, ఇల్లు ఎత్తుగా కట్టి తలుపు వంగి దూరేటట్లు పెట్టినట్లు లేదా అనిపిస్తుంది. ఇంగ్లండులో 1969లో మోటారుసైకిలు హాండిళ్ళతో ఆరంభమైన రెంథల్ సంస్థ కొండదారి సైకిళ్ళకు 31.8, 35 రెండు కొలతలలోనూ బారులు చేస్తున్నది. ఒకటి నిజంగా మరొకదానిని త్రోసిరాజనగలిగి ఉంటే రెండూ చేయవలసిన అగత్యం ఉండదు.

ఇక ఎన్నిక మాట. హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాలలో ఇట్టి సైకిళ్ళు ఇప్పుడు కొత్త కాదు. పిల్లవాడు పదో తరగతిలోకి వచ్చాడని కొనిపెట్టే తల్లిదండ్రులున్నారు, ఉద్యోగంలో చేరి మొదటి జీతంతో కొనుక్కొనేవారున్నారు. వీరిలో అందరికీ ఒకే సలహా పనికిరాదు.

ఇంట్లో పాత అంగుళపు బారున్న సైకిలు ఉండి, అది మట్టిదారికీ, బజారుకూ మాత్రమే పోతున్నట్లయితే, కొత్తది వచ్చిందని పాతదానిని అవమానించనక్కరలేదు. కురచ బారుకు అంగుళపు నడుము నిన్న ఎంత చాలినదో నేడూ అంతే చాలుతుంది. బిరుసు తక్కువ గనుక చేతికి మెత్తగానే ఉంటుంది. తేలికపాటి పిల్లలకు ఇది మరీ నిజం. ముప్ఫయి అయిదు కిలోల బాలుడి చేతుల క్రింద, బరువైన పెద్దవాడు కొండ దూకడానికని చేసిన బారు పెడితే అది ఇసుమంతైనా వంగదు. కుదుపంతా ఆ లేత మణికట్లదే. అయితే ఆ పాత బారు అల్యూమినియమ్‌దై, ఎన్నేళ్ళనుంచి త్రొక్కుతున్నారో లెక్క తెలియనిదైతే మార్చడమే మంచిది. ఎందుకో చెబుతాను.

ఇనుము, ఉక్కు ఒక హద్దుకు లోబడిన కుదుపులను ఎన్నిసార్లైనా సహించగలవు. అల్యూమినియమ్‌కు అట్టి హద్దు లేదు. ఎంత చిన్న కుదుపైనా అది లోపల ఖాతాలో జమ కట్టుకొంటూనే ఉంటుంది. లోహపు అలసట అని ఇంజనీర్లు దీనికి పేరు పెట్టారు. మొదట కంటికి కనబడని వెంట్రుకవంటి చీలిక, తరువాత అది కొంచెం కొంచెంగా ప్రాకడం, చివరకు ఒకనాడు హఠాత్తుగా విరగడం. చైను తెగితే దిగి నడుస్తాము, టైరు పగిలితే ఆపుకొంటాము. దిగుడులో హాండిలు విరిగితే బ్రేకూ ఆ చేతిలోనే విరిగిన ముక్కతోపాటు వచ్చేస్తుంది, ముఖం నేలకు తగులుతుంది. 2006 ఏప్రిల్ 9వ తేదీన ఫ్రాన్సులోని పారిస్ రూబే పందెంలో జార్జి హిన్‌కాపీ అనే ప్రసిద్ధ పందెగాడికి ఇట్టిదే జరిగింది. విరిగినది బారు కాదు, స్టెమ్ బిగించే ఫోర్కు గొట్టం. అంతకు ముందే ఆ రోజు పందెంలో ఒకసారి పడి లేచి వచ్చినవాడు, రాతి పలకల దారి మీద చేతిలో హాండిలు ఊడివచ్చి క్రిందపడి భుజం దెబ్బతిన్నాడు. వెనుక కారులో నిపుణులైన మెకానిక్కులున్న పందెగాడి సంగతే అట్లా ఉంటే, వీధి చివర దుకాణంలో గాలి కొట్టించుకొనే మన సైకిలు సంగతి మనమే చూచుకోవలెను కదా.

కొత్తగా కొనేవారికి, లేదా పాతది మార్చేవారికి, నా ఓటు 31.8కే. 780 మిల్లీమీటర్ల వరకు పొడవు, సగటు మనిషి బరువు, కొండదారి, మట్టిదారి, అన్నింటికీ అది చాలుతుంది. అందులో దొరికే వంపులు, ఎత్తులు, పొడవుల వైవిధ్యమూ ఎక్కువ. గంట, దీపం, మొబైలు ఫోను తగిలించే పట్టీ, ఇవన్నీ ఆ నడుముకు తేలికగా పడతవి. 35కు ఒక్కొక్కసారి పట్టీలు చాలవు. బారును తమ భుజాలకు సరిపోయేటట్లు 740కో 720కో కోయించుకొనేవారు 35 కొనడంలో అర్థం నాకు కనబడదు. కోసినకొద్దీ బిరుసు పెరుగుతుందని మరువరాదు. 35 ఎవరికంటే, మనిషి మంచి బరువు ఉండి, 800 మిల్లీమీటర్ల బారును కోయకుండా పెట్టుకొని, బండలమీదనుంచి దూకే దిగుడు పందేల వారికి. కొత్త సైకిలుతో 35 బారూ స్టెమూ కలిసి వస్తే, దానిని పీకి 31.8 వేయించడానికి పరుగెత్తనూ వద్దు. చేతులు తిమ్మిరెక్కుతుంటే మొదట టైర్లలో గాలి కొంచెం తగ్గించి చూడండి. లావు టైరు మ్రింగే కుదుపుతో పోలిస్తే బారు మ్రింగేది స్వల్పం. తరువాత మెత్తని రబ్బరు పట్టులు మార్చండి. ముందు ఫోర్కు స్ప్రింగు మీ బరువుకు సర్ది ఉన్నదా చూడండి. ఇవేవీ ఫలించకపోతే అప్పుడు బారు మాట.

బజారులో జరిగే తికమకలు రెండు చెప్పవలసి ఉన్నది. స్టెమ్ మీద 35 అని ఉంటే అది దాని పొడవు కావచ్చు, కరచే వ్యాసమూ కావచ్చు. రెండు కొలతలూ ఒకే అంకె కావడం దురదృష్టం. ఏది ఏదో అడిగి తెలుసుకోనిదే డబ్బు చెల్లించవద్దు. రెండవది, పైన చెప్పిన ఇటలీ కొలత. 26 మిల్లీమీటర్ల స్టెమ్‌లో 25.4 బారు పెట్టి గట్టిగా బిగిస్తే పట్టినట్లే ఉంటుంది. నిజానికి అది చుట్టూ పట్టదు, రెండు మూడు గీతల వెంట మాత్రమే కరుస్తుంది. ఎత్తు దిగుతుండగా బారు గిర్రున తిరగవచ్చు, కరచిన గీత వెంట పగలనూవచ్చు. కంటికి ఈ తేడా తెలియదు. వెర్నియర్ కాలిపర్స్ పెట్టి కొలిపించవలెను. 31.7 అని రాసిన పాత సరుకు మాత్రం 31.8కే చెందుతుంది, దానికి భయపడనక్కరలేదు.

సన్నని బారును లావు స్టెమ్‌లో పెట్టడానికి నడుమ వేసే లోహపు తొడుగులు దొరుకుతవి. 25.4 బారును 31.8 స్టెమ్‌లోను, 31.8 బారును 35 స్టెమ్‌లోను ఈ విధంగా అమర్చవచ్చును. తొడుగు ఆ కొలతకే చేసినదై ఉండవలెను. డబ్బా రేకు కత్తిరించి చుట్టడం పనికిరాదు. లావు బారును సన్నని స్టెమ్‌లో పెట్టే ఉపాయం లేదు. స్టెమ్ లోపల ఆకురాయితో రాచి పెద్దది చేస్తామని ఎవరైనా అంటే ఆ దుకాణం మెట్లు దిగివేయడమే మేలు.

బిగించేటప్పుడు నాలుగు మరలనూ వంతులవారీగా, ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా త్రిప్పవలెను. తలుపు భాగానికీ స్టెమ్‌కూ మధ్య పైనా క్రిందా సందు సమానంగా రావడం సాధారణమైన పద్ధతి. కొన్ని నమూనాలలో పైసందు పూర్తిగా మూసి క్రింది సందు వదలమంటారు. ఆ సంగతి తయారీదారు ఇచ్చిన కాగితంలో ఉంటుంది. ఎంత బలంతో బిగించవలెనో స్టెమ్ మీదనే న్యూటన్ మీటర్లలో అచ్చువేసి ఉంటుంది. తరచు అది 5, 6 ప్రాంతంలో ఉంటుంది. ఆ కొలత చూపే రెంచి వాడడం ఉత్తమం. చేతిబలం చూపించుకొనే చోటు ఇది కాదు. కార్బను బారుకైతే గ్రీజు పూయరాదు, సన్నని రవ్వ కలిసిన ప్రత్యేకపు ముద్ద పూస్తే తక్కువ బిగింపుతోనే పట్టు దొరుకుతుంది. కార్బను దెబ్బతిన్న సంగతి పైకి చెప్పదు. గట్టిగా పడిన కార్బను బారును, పైన గీత లేకున్నా, తిరిగి నమ్మకపోవడం వివేకం.

వాడిన సైకిలు కొనేవారికి ఒక మాట. బేరం కుదరకముందే స్టెమ్ తలుపు ఊడదీయించి బారు నడుమ భాగాన్ని పగటి వెలుతురులో చూడండి. స్టెమ్ అంచు కొరికిన చోట చుట్టూ గాటు పడి ఉన్నా, అడ్డంగా సన్నని నల్లగీత కనిపించినా, గోరు పెట్టి రాస్తే తగిలినా ఆ బారు ధరను సున్నగా కట్టి తక్కిన సైకిలుకు బేరమాడండి. నడుమ చెక్కిన కొలతను అప్పుడే ఒక కాగితం మీద వ్రాసుకొంటే, కొత్త బారుకోసం మళ్ళీ మరలు విప్పే పని తప్పుతుంది.